పబ్లిక్ రేడియో పాడ్‌కాస్టులు: నాన్నగారికి ఏవి వినిపించమంటారు?

కృష్ణాతీరం

అందరికీ నమస్కారం. మా నాన్నగారికి 76 ఏళ్ళు. హైస్కూల్లో ఇంగ్లీషు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. రెండేళ్ళుగా చూపు బాగా తగ్గిపోయింది. అంచులు కనిపిస్తాయి, మధ్యలో మసక. గుమ్మం తెలుస్తుంది కానీ గుమ్మంలో నిలబడ్డ మనిషి ముఖం తెలియదు. ఒకప్పుడు పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివేవారు. ఇప్పటికీ పేపరు మాన్పించనివ్వరు. పొద్దున్నే కాసేపు చేతిలో పట్టుకుని కూర్చుంటారు, తర్వాత మడిచి పక్కన పెడతారు. అది చూడలేక పాడ్‌కాస్టులు అలవాటు చేద్దామనుకున్నాను.

ముందు రెండు మూడు తెలుగు ఛానెళ్ళు పెట్టాను. అరగంటలో నాలుగు ప్రకటనలు, మధ్యమధ్యలో ఉలిక్కిపడేలా సంగీతం. పది నిమిషాలు విని "ఈ అబ్బాయి ఊపిరి తీసుకోవడం లేదురా, నాకు ఆయాసం వస్తోంది" అన్నారు.

విజయవాడ రేడియో వింటూ పెరిగిన మనిషి. తీరిగ్గా, తెలిసినవాళ్ళు, తెలిసిన సంగతి చెబితే వింటారు. అందుకే వేరే దేశాల్లో ప్రజల డబ్బుతో నడిచే రేడియోల పాడ్‌కాస్టులు వెతుకుతున్నాను. వార్తలు, చరిత్ర, సాహిత్యం, క్రికెట్, ఆలోచన రేకెత్తించే ప్రసంగాలు, ఏవైనా సరే. ఇంగ్లీషైనా ఇబ్బంది లేదు. తెలుగులో ఉంటే అమ్మ కూడా వింటుంది. మీరు స్వయంగా విన్నవి మాత్రం చెప్పండి.

పాతరేడియో

మీ నాన్నగారి మాట నాకు బాగా అర్థమైంది కృష్ణాతీరం గారూ. నేను ఇరవై ఏళ్ళుగా వింటున్న ఒక్కదాని గురించి చెబుతాను. బీబీసీ రేడియో 4లో వచ్చే 'ఇన్ అవర్ టైమ్'.

1998లో మొదలైంది. వెయ్యికి పైగా భాగాలున్నాయి. పద్ధతి చాలా సాదా. ఒక విషయం, దాన్ని జీవితమంతా చదివిన ముగ్గురు ప్రొఫెసర్లు, అడిగే మనిషి ఒకరు. ముప్పావు గంట. నేపథ్య సంగీతం ఉండదు. మొదలుపెట్టిన దగ్గర్నుంచి 2025 దాకా మెల్విన్ బ్రాగ్ గారే నడిపారు. ప్రొఫెసరు పక్కదారి పడితే ఆయన మెత్తగా ఆపి, వినేవాడికి ఏం కావాలో అక్కడికి తీసుకొచ్చేవారు. ఒక్కోసారి "నాకు ఇంకా అర్థం కాలేదు, మళ్ళీ చెప్పండి" అనేవారు. మాస్టారుగా చేసినవాళ్ళకు ఆ మాట విలువ తెలుస్తుంది.

మన సంగతుల మీద కూడా ఉన్నాయి. అశోకుడు, ఉపనిషత్తులు, భగవద్గీత, భారతీయ గణితం, సున్నా. నాన్నగారికి అశోకుడితో మొదలుపెట్టించండి.

ఒక మాట. బీబీసీ సౌండ్స్ యాప్ 2025 జులై నుంచి బ్రిటన్ బయట ఉన్నవాళ్ళకు పనిచేయదు. కంగారు పడకండి, మామూలు పాడ్‌కాస్ట్ యాప్ దేంట్లో వెతికినా వస్తుంది. బ్రిటన్ వాళ్ళకు ప్రకటనలుండవు, మనకు మాత్రం మొదట్లోనో మధ్యలోనో ఒకటి రెండు రావచ్చు. వాళ్ళు లైసెన్సు ఫీజు కడుతున్నారు మరి. 2025 ఏప్రిల్ లెక్కలో టీవీ ఉన్న ఇంటికి ఏడాదికి 174.50 పౌండ్లు. మన దగ్గరా ఒకప్పుడు రేడియోకి లైసెన్సుండేది, గుర్తుందా? పోస్టాఫీసుకి వెళ్ళి డబ్బు కట్టి, చిన్న పుస్తకంలో స్టాంపు వేయించుకునేవాళ్ళం. 1980లలో ఎత్తేశారు. మా తాతగారి పుస్తకం ఇప్పటికీ నా బీరువాలో ఉంది.

లెక్కల టీచరు

సున్నా మీద భాగం నేను తొమ్మిదో తరగతి పిల్లలకు ముక్కలు ముక్కలుగా వినిపించి, ఆపి ఆపి తెలుగులో చెప్పాను. వినండి, బాగుంటుంది.

యారా ఒడ్డున

మెల్‌బోర్న్ నుంచి. అమ్మగారు కూడా వింటారన్నారు కాబట్టి ముందు తెలుగు సంగతి చెబుతాను. ఆస్ట్రేలియాలో ఎస్‌బీఎస్ అని ఒక పబ్లిక్ ప్రసార సంస్థ ఉంది. వలస వచ్చినవాళ్ళ భాషల్లో వార్తలు, కార్యక్రమాలు ఇవ్వడమే దాని పని. 1975లో సిడ్నీలో, మెల్‌బోర్న్‌లో రెండు చిన్న రేడియో స్టేషన్లతో మొదలై ఇప్పుడు అరవైకి పైగా భాషల్లో నడుస్తోంది. 2017లో ఏ భాషలు ఉంచాలి, ఏవి కొత్తగా చేర్చాలి అని సమీక్షించినప్పుడు చేర్చిన ఏడు భాషల్లో తెలుగు ఒకటి. టిబెటన్, రోహింగ్యా, మంగోలియన్ కూడా అప్పుడే వచ్చాయి. జనాభా లెక్కలే దానికి కారణం. ఇంట్లో ఏ భాష మాట్లాడతారని ఇక్కడి సెన్సస్‌లో అడుగుతారు. ఆ సమీక్షకు చూసింది 2016 లెక్కలు. 2021 కల్లా తెలుగని రాసినవాళ్ళు దాదాపు 59 వేల మంది అయ్యారు. ఆ ఒక్క గడి నింపినందుకే మన భాషలో రేడియో వచ్చింది. అందుకే సెన్సస్ వచ్చినప్పుడు "ఇంగ్లీషని రాసేద్దాంలే" అనే మన వాళ్ళని నేను వదిలిపెట్టను.

ఎస్‌బీఎస్ తెలుగు పాడ్‌కాస్టులు ఎక్కువగా చిన్నవి. ఆస్ట్రేలియా వార్తలు, ఇక్కడి పన్నులు, స్కూళ్ళు, వైద్యం ఎలా పనిచేస్తాయి, ఇక్కడ ఏదైనా సాధించిన తెలుగువాళ్ళతో మాటలు. వచ్చిన కొత్తలో రైల్లో కూర్చుని వినేదాన్ని. అద్దె ఇంటి కాగితాల గురించి తెలుగులో ఎవరో నిదానంగా చెబుతుంటే గుండె కుదుటపడింది. మీ అమ్మగారికి ఆస్ట్రేలియా పన్నులతో పని లేదు గానీ, మనుషుల కథలు నచ్చుతాయి.

నాన్నగారికైతే ఇక్కడి ఇంకో పబ్లిక్ ప్రసార సంస్థ ఏబీసీ వాళ్ళ 'ది సైన్స్ షో'. 1975లో మొదలైన నాటి నుంచి యాభై ఏళ్ళు రాబిన్ విలియమ్స్ గారే నడిపారు. అర్ధ శతాబ్దం ఒకే మనిషి, ఒకే కార్యక్రమం! మనసు, మెదడు గురించి 'ఆల్ ఇన్ ద మైండ్' ఉంది. నేను ఎక్కువగా వినేది అదే.

లాంగాన్

క్రికెట్ ఎవరూ చెప్పలేదు. నేను చెబుతా.

'స్టంప్డ్' వెతకండి. బీబీసీ వరల్డ్ సర్వీస్, ఆస్ట్రేలియా ఏబీసీ, మన ఆకాశవాణి కలిసి చేసిన వారం వారం క్రికెట్ కార్యక్రమం. ఆలిసన్ మిచెల్, జిమ్ మాక్స్‌వెల్, చారు శర్మ ముగ్గురూ మూడు దేశాల నుంచి మాట్లాడుకునేవారు. స్కోర్లు చదవడం కాదు. ఆటగాళ్ళ జీతాలు, ఆడవాళ్ళ క్రికెట్, చిన్న దేశాల జట్లు, ఇలాంటివి.

రెండోది 'టెస్ట్ మ్యాచ్ స్పెషల్'. 1957 నుంచి బంతి బంతికీ వ్యాఖ్యానం చెబుతున్న బీబీసీ రేడియో కార్యక్రమం. మనకు అందేది ఆట ముగిశాక వచ్చే పాడ్‌కాస్టు. చూపు తగ్గినవాళ్ళకు రేడియో క్రికెట్ ఎందుకు బాగుంటుందో మా మేనమామ దగ్గర చూశాను. టీవీ వ్యాఖ్యాత బొమ్మ కనిపిస్తోందిలే అని మాట మింగేస్తాడు. "వాహ్, ఏం షాట్" అని ఊరుకుంటాడు. రేడియోవాడు అలా చేస్తే కుదరదు. బౌలరు ఎటు నుంచి వస్తున్నాడు, గాలి ఎటు, స్లిప్‌లో ఎందరు, బంతి ఎక్కడ పడింది, బ్యాట్‌కి ఎక్కడ తగిలింది, అన్నీ చెప్పాలి. మా మామయ్య కళ్ళు మూసుకుని చేత్తో గాల్లో ఫీల్డు గీసుకుంటూ వినేవాడు.

కృష్ణాతీరం

అందరికీ ధన్యవాదాలు. అశోకుడి భాగం నిన్న సాయంత్రం పెట్టాను.

మొదట ఒక చిక్కు వచ్చింది. ఫోన్ మీద ఎక్కడ నొక్కాలో నాన్నకు తెలియదు, వేలు ఎక్కడ పడితే అక్కడ ఏదో ఒకటి తెరుచుకుంటోంది. అందుకని చిన్న బ్లూటూత్ స్పీకరు తెచ్చాను. దాని మీద నాలుగు బటన్లు, నాలుగూ ఒకేలా ఉన్నాయి. అమ్మ చూసి, తన స్టిక్కర్ బొట్టు ఒకటి తీసి ఆపే బటన్ మీద అంటించింది. వెనక్కి వెళ్ళే బటన్ మీద రెండు బొట్లు. ఇప్పుడు వేలితో తడిమి తనే నడుపుకుంటున్నారు.

రేడియోలో మాట దాటిపోతే పోయినట్టే కదా. వెనక్కి వెళ్ళవచ్చని తెలిశాక ఆయన ముఖం చూడాల్సింది. ఒక ప్రొఫెసరు చెప్పిన వాక్యాన్ని మూడుసార్లు విన్నారు. ముప్పావు గంటది వినడానికి గంటన్నర పట్టింది. మధ్యలో ఆపి "ఎర్రగుడి పేరు వస్తుందేమో చూడాలి" అన్నారు. కర్నూలు జిల్లా ఎర్రగుడిలో అశోకుడి శాసనాలున్నాయి, ఒకసారి స్కూలు పిల్లల్ని తీసుకెళ్ళారట. ఆ సంగతి మాకెప్పుడూ చెప్పలేదు.

పత్తిచేను

అట్లాంటా నుంచి రాస్తున్నాను. మాది గుంటూరు వైపు, నాన్న పత్తి రైతు. ఇక్కడ కారులో రోజుకి రెండు గంటలు. ఆ రెండు గంటలూ ఇక్కడి పబ్లిక్ రేడియో, ఎన్‌పీఆర్.

పొద్దున్నే 'అప్ ఫస్ట్'. పావుగంటలో ఆనాటి మూడు ముఖ్య వార్తలు. అమెరికా సంగతులు కాబట్టి మాస్టారికి అంతగా పట్టకపోవచ్చు. నేను చెప్పాలనుకున్నది 'ప్లానెట్ మనీ'. 2008లో ఇళ్ళ అప్పులు కూలి బ్యాంకులు మునిగినప్పుడు, అసలు ఏం జరిగిందో మామూలు మనిషికి అర్థమయ్యేలా చెప్పాలని పుట్టింది. 2013లో వాళ్ళొక పని చేశారు. ఒక టీషర్టు తామే తయారు చేయించి, దాని వెనకే నడిచారు. మిసిసిపీలో పత్తి, ఇండోనేషియాలో నూలు, బంగ్లాదేశ్‌లోనూ కొలంబియాలోనూ కుట్టుపని. ప్రతి చోటా మనిషిని పట్టుకుని మాట్లాడించారు. మిసిసిపీ రైతు యంత్రం మీద కూర్చుని చేను మొత్తం తీస్తాడు. నేను కారు పక్కకు ఆపేశాను. మా అమ్మ, ఇద్దరు పిన్నులు, ఒళ్ళో కట్టుకున్న పాత చీరలోకి పత్తి తీసి తీసి, గుల్ల అంచులు గీరుకుని వేళ్ళ చివర్లు పగిలి, రాత్రి కొబ్బరినూనె రాసుకునేవాళ్ళు. రెండు పత్తులూ ఒకే బజారుకి వస్తాయి, ఒకే ధర పలుకుతాయి. నాన్న ఏడాది పొడుగునా ధర గురించి ఎందుకు అంత టెన్షన్ పడేవాడో నాకు నలభై ఏళ్ళు వచ్చాక, ఒక పాడ్‌కాస్టులో అర్థమైంది.

డబ్బు సంగతి కూడా చెప్పాలి. ఎన్‌పీఆర్ 1970లో ఏర్పడింది. ఇక్కడ లైసెన్సు ఫీజు లేదు. ఊరూరా ఉన్న సభ్య స్టేషన్లు శ్రోతల దగ్గర చందా అడుగుతాయి, కంపెనీల పేర్లు క్లుప్తంగా చెబుతాయి, మిగిలిన కొంత 2025 దాకా ప్రభుత్వం నుంచి వచ్చేది. ఆ ప్రభుత్వ డబ్బును పంచడానికి 1967 చట్టంతో ఒక కార్పొరేషన్ పెట్టారు. 2025 జులైలో అమెరికా కాంగ్రెస్ దానికి రెండేళ్ళకు కేటాయించిన 110 కోట్ల డాలర్లు వెనక్కి తీసేసుకుంది. ఆగస్టులో ఆ కార్పొరేషన్ తన పని ముగిస్తున్నట్టు ప్రకటించింది. పెద్ద ఊళ్ళ స్టేషన్లు చందాలతో నెట్టుకొస్తాయి. దెబ్బ తగిలేది పల్లెల స్టేషన్లకు. తుఫాను హెచ్చరిక ఇచ్చే రేడియో అదొక్కటే ఉన్న ఊళ్ళున్నాయి. నేను నెలకి పది డాలర్లు ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు ఇరవై చేశాను.

ఓరుగల్లు బిడ్డ

అందరూ మెచ్చుకుంటున్నారు కానీ నాకో అనుమానం ఉంది. ప్రభుత్వ డబ్బుతో నడిచేది ప్రభుత్వం మాటే చెబుతుంది కదా? మన దగ్గర చూస్తూనే ఉన్నాం. ఆకాశవాణిని, దూరదర్శన్‌ను నడిపే ప్రసార భారతి చట్టం 1990లో వచ్చింది, స్వతంత్ర సంస్థగా ఏర్పడింది 1997లో. జీతాలు మాత్రం ఇప్పటికీ కేంద్రం బడ్జెట్ నుంచే. ప్రైవేటు ఎఫ్‌ఎం స్టేషన్లకు సొంతంగా వార్తలు చెప్పే అనుమతి లేదు, ఆకాశవాణి బులెటిన్ ఉన్నదున్నట్టు వేసుకోవాలి. అంటే మన దేశంలో రేడియో వార్త అంటే ఒక్కటే గొంతు. అలాంటప్పుడు 'పబ్లిక్' అనే మాటకి అర్థమేంటి?

పాతరేడియో

అడగాల్సిన ప్రశ్నే అడిగారు. నాకు తెలిసినంతలో చూడాల్సింది, డబ్బు ఇచ్చేవాడికీ మైకు ముందు కూర్చున్నవాడికీ మధ్య ఎన్ని గోడలున్నాయని. బీబీసీకి పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఒకసారి చార్టర్, అంటే సంస్థ ఎలా నడవాలో చెప్పే అధికార పత్రం, రాసుకుంటారు. దాంతో ఏటేటా మంత్రి దగ్గర చెయ్యి చాపే పని కొంత తగ్గుతుంది. అయినా ఒత్తిళ్ళు లేవని ఎవరూ అనరు. అమెరికాలో ఏమైందో ఇప్పుడే పత్తిచేను గారు చెప్పారు.

నేను చేసేది ఒకటుంది. ఒకే వార్తను ఇద్దరి దగ్గర వింటాను. ఒకరు వదిలేసింది ఇంకొకరి దగ్గర దొరుకుతుంది. అంకెలు వినబడితే మాత్రం బీబీసీ 'మోర్ ఆర్ లెస్' వాళ్ళ దగ్గరికి వెళ్తాను. వార్తల్లో వచ్చిన ఒక సంఖ్యను పట్టుకుని, అది ఎక్కడ పుట్టింది, ఎవరు లెక్కపెట్టారు, దేన్ని కలిపారు, దేన్ని వదిలేశారు అని చివరి దాకా వెళ్తారు. మంత్రి చెప్పిన అంకె అయినా, తమ సంస్థ బులెటిన్‌లో చదివిన అంకె అయినా ఒకటే కొలత.

గ్రూప్ వన్ ప్రయత్నం

ఓరుగల్లు అన్న చెప్పింది కొంత నిజమే కానీ నా అనుభవం కూడా చెబుతా. రెండేళ్ళుగా గ్రూప్ వన్‌కి చదువుతున్నా. హాస్టల్‌లో టీవీ పెడితే గంటసేపు అరుపులు, నోట్సులోకి రెండు లైన్లు కూడా రావు. ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు పది నిమిషాలు వింటే ఒక పేజీ నిండుతుంది. వాళ్ళ వెబ్‌సైటులో తెలుగు బులెటిన్ ఆడియో దొరుకుతుంది కాబట్టి టైముకి లేవకపోయినా ఫర్వాలేదు. సాయంత్రం 'స్పాట్‌లైట్' అని ఇంగ్లీషులో వార్తా విశ్లేషణ ఉంటుంది, మా రూమ్‌లో ముగ్గురం కలిసి వింటాం. ప్రభుత్వ పథకాల సంగతి తెలుస్తుంది. విమర్శ కావాలంటే పేపర్లు చదువుకుంటాం.

టేపుమనిషి

చాలాసేపటి నుంచి చదువుతున్నాను. ఒక ఆకాశవాణి కేంద్రంలో పదకొండేళ్ళు క్యాజువల్ అనౌన్సరుగా చేశాను. ఏ కేంద్రమో అడగవద్దు.

మీరంతా 'ఇన్ అవర్ టైమ్' వెయ్యి భాగాలు, 'సైన్స్ షో' యాభై ఏళ్ళు అంటుంటే నాకు ఒకటే మాట గొంతులో అడ్డం పడుతోంది. మన దగ్గర లేకనా! మద్రాసు కేంద్రం 1938లో మొదలైన నాటి నుంచి తెలుగు ప్రసారాలున్నాయి. విజయవాడ 1948 డిసెంబరులో వచ్చింది. నిజాం ప్రభుత్వం నడిపిన దక్కన్ రేడియో 1950లో ఆకాశవాణి హైదరాబాద్ అయింది. బాలాంత్రపు రజనీకాంతరావు గారు విజయవాడలో భక్తిరంజని పెట్టారు. పొద్దున్నే ఆ పాటలతోనే ఇళ్ళు లేచేవి. ఉషశ్రీ గారి రామాయణ భారత ప్రవచనాలు, ధర్మసందేహాలు. ఆదివారం మధ్యాహ్నం వీధిలో నడుస్తూ పోతే ఒక ఇంటి దగ్గర మొదలైన వాక్యం నాలుగో ఇంటి దగ్గర పూర్తయ్యేది, అన్ని ఇళ్ళలో అదే పెట్టేవాళ్ళు. శ్రోత కార్డు ముక్క మీద రాసి పంపిన సందేహం, దానికి ఆయన జవాబు. ఇవాళ పాడ్‌కాస్టులో 'శ్రోతల ప్రశ్నలు' అంటున్నారే, అది మాకు 1970లలోనే ఉంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు, అక్కయ్య కామేశ్వరి గారు పిల్లలతో చేసిన బాలానందం. ఢిల్లీ నుంచి వార్తలు చదివిన తొలి తెలుగు మహిళ జోలెపాళెం మంగమ్మ గారు.

మేం రికార్డు చేసేది పావు అంగుళం వెడల్పున్న టేపు మీద, స్పూలు లెక్కన. టేపు ఖరీదైన వస్తువు. కొత్త కార్యక్రమానికి టేపు కావాలంటే పాతది చెరిపి వాడుకునేవాళ్ళం. ఉంచాల్సినవి లైబ్రరీకి వెళ్ళేవి, మిగిలినవాటి మీద మళ్ళీ రికార్డింగే. నా చేతులతో చెరిపినవి ఉన్నాయి. ఒక వాన కాలం మా గదిలో గోడ నానింది. బీరువా కింది అరలోని డబ్బాలు తెరిస్తే వెనిగర్ వాసన గుప్పుమంది. పాత ఎసిటేటు టేపు పాడైతే అదే వాసన వస్తుంది. టేపు అలలుగా వంగిపోయి, మెషిన్ మీద ఎక్కిస్తే పుటుక్కున తెగింది. డబ్బా మీద పెన్సిలుతో రాసిన పేరు చదవగలిగాను. ఒక బుర్రకథ. ఎవరికి చెప్పాలో వాళ్ళకు చెప్పాను. రిజిస్టరులో ఒక గీత గీశారు.

మిగిలినవి చాలానే ఉన్నాయి, డిజిటల్‌లోకి మార్చినవీ ఉన్నాయి. ఢిల్లీలో పెద్ద ఆర్కైవ్ ఉంది, ఆకాశవాణి సంగీత్ పేరుతో గొప్పవాళ్ళ కచేరీలు సీడీలుగా కూడా వచ్చాయి. నేను కోరేది మాటల కార్యక్రమాలు. ఫైలు ఎక్కడో పడేస్తే పాడ్‌కాస్ట్ కాదు. ప్రతి భాగానికీ పేరు, ఎవరు మాట్లాడారు, ఏ రోజు ప్రసారమైంది, దేని గురించి అన్న నాలుగు వాక్యాలు రాయాలి. ఒక ఫీడ్ చేస్తే, ఏ యాప్‌లోనైనా చేరినవాళ్ళకు కొత్త భాగం తనంతట తనే వచ్చి పడుతుంది. ఆ నాలుగు వాక్యాలు రాయాలంటే టేపు మొత్తం వినే మనిషి కావాలి. గొంతు విని 'ఇది ఫలానా వారు' అని చెప్పగలిగినవాళ్ళు మా తరం. వాళ్ళలో చాలామంది ఇప్పటికే వెళ్ళిపోయారు. నాకూ అరవై తొమ్మిది.

యారా ఒడ్డున

టేపుమనిషి గారూ, మీ పోస్టు మా అమ్మకు ఫోన్లో చదివి వినిపించాను. బాలానందంలో చిన్నప్పుడు ఒకసారి పాడిందట. తన గొంతు ఎక్కడైనా ఉందా అని అడిగింది. నాకు ఏం చెప్పాలో తెలియలేదు.

టేపుమనిషి

ఏ ఊరు, సుమారుగా ఏ సంవత్సరమో అమ్మగారిని అడిగి ఇక్కడే రాయండమ్మా. దొరుకుతుందని మాట ఇవ్వలేను. ఎవరిని అడగాలో మాత్రం తెలుసు.

మంచుదారి

టొరంటో నుంచి క్లుప్తంగా. నాన్నగారు ప్రసంగాలు అడిగారు కదా. కెనడా పబ్లిక్ రేడియో సీబీసీలో 'ఐడియాస్' 1965 నుంచి నడుస్తోంది, పాడ్‌కాస్టుగా కూడా వస్తుంది. దాంట్లోనే ఏటా 'మాస్సీ లెక్చర్స్' అని ఒకే మనిషి వరుసగా ఐదు ప్రసంగాలు. ఇవి 'ఐడియాస్' కన్నా ముందే, 1961లో మొదలయ్యాయి. 1967లో మార్టిన్ లూథర్ కింగ్ ఇచ్చారు, చనిపోవడానికి కొన్ని నెలల ముందు. ఆ గొంతు వినాలి.

బీబీసీ వాళ్ళకు ఇలాంటివే 'రీత్ లెక్చర్స్'. 1948లో మొదటివి తత్వవేత్త బెర్ట్రండ్ రసెల్ ఇచ్చారు. పాతవి కూడా ఆర్కైవ్‌లో పెట్టారు. ఇంగ్లీషు మాస్టారికి రసెల్ వాక్యం ఎలా కట్టారో వింటే పండగే.

కృష్ణాతీరం

మంచుదారి గారూ, రసెల్ పేరు చెప్పగానే నాన్న లేచి కూర్చున్నారు. ఆయన వ్యాసాలు పాఠంగా చెప్పారట, గొంతు ఎప్పుడూ వినలేదు. నిన్న రాత్రి విన్నారు. "నేను అనుకున్న గొంతు ఇది కాదు, కానీ వాక్యం మాత్రం ఆయనదే" అన్నారు.

పది రోజులుగా మా ఇంట్లో ఎలా నడుస్తోందో చెబుతాను. పొద్దున పేపరు బదులు ఆకాశవాణి తెలుగు బులెటిన్, అమ్మా నాన్నా కలిసి. (పేపరు ఇప్పటికీ చేతిలో ఉంటుంది.) పదకొండింటికి నాన్న ఒక్కరే ఇంగ్లీషువి. ప్లానెట్ మనీ టీషర్టు కథ విన్నారు. పత్తిచేను గారి పోస్టు కూడా చదివి వినిపించాను. చాలాసేపు మాట్లాడలేదు. సాయంత్రం క్రికెట్.

మొన్న జరిగింది రాద్దామనే ఇక్కడికి వచ్చాను. మధ్యాహ్నం ఆఫీసు నుంచి తొందరగా వచ్చాను. అమ్మ వంటింట్లో గోరుచిక్కుళ్ళు ఈనెలు తీస్తోంది. నాన్న పీట మీద కూర్చుని అశోకుడి భాగాన్ని తెలుగులో చెబుతున్నారు. క్లాసులో చెప్పినట్టే, అదే గొంతు. ప్రొఫెసర్లు చెప్పింది చెప్పి, అక్కడ ఆగి, మన ఎర్రగుడి తెచ్చారు. బండల మీద బ్రాహ్మీ అక్షరాలు, ప్రాకృత భాష, కొన్ని పంక్తులు ఎడమ నుంచి కుడికి, కొన్ని కుడి నుంచి ఎడమకు. నాగలి దున్నుతూ చివరికి వెళ్ళి తిరిగి వచ్చినట్టు అని చేత్తో చూపించారు. అమ్మ చిక్కుడు పక్కన పెట్టి "చెక్కినవాడికి అలవాటు తప్పిందా, కావాలనే అలా చెక్కాడా?" అని అడిగింది. నాన్న ఆలోచించి "ప్రొఫెసర్ని అడగాల్సిన ప్రశ్న" అన్నారు.

నేను గుమ్మంలో నిలబడి ఫోన్లో రికార్డు చేశాను. పన్నెండు నిమిషాలుంది. కుక్కర్ విజిల్ రెండుసార్లు వినిపిస్తుంది.

లెక్కల టీచరు

అది ఇక్కడ పెట్టండి. మా పిల్లలకు వినిపిస్తాను.

పత్తిచేను

నాకూ కావాలి. కుక్కర్ విజిల్ కోసేయకండి.

టేపుమనిషి

కృష్ణాతీరం గారూ, ఆ ఫైలు పేరులో తేదీ, ఊరు, చెప్పినవారి పేరు, విషయం ఇప్పుడే రాయండి. రేపు అనుకోవద్దు. రెండు చోట్ల భద్రం చేయండి. ఇంకొకటి చెప్పేటప్పుడు ఫోను ఆయనకు జానెడు దూరంలో, మెత్తటి తువ్వాలు మీద పెట్టండి. పీట కదిలినా చప్పుడు పట్టదు.

కృష్ణాతీరం

పేరు రాసి రెండు చోట్ల పెట్టాను టేపుమనిషి గారూ. ఇక్కడ పెడతానంటే నాన్న ఒప్పుకోలేదు. "తొందరపడకు. అందులో ఒక రాజు పేరు తప్పు చెప్పాను, మళ్ళీ విని సరిచూసుకుని చెబుతాను" అన్నారు. ఇప్పుడు పక్క గదిలో స్పీకరు పెట్టుకుని మొదటి నుంచి వింటున్నారు. అమ్మ తువ్వాలు మడిచి బల్ల మీద పెట్టింది.